తెల్ల సిరా ఉండదు

దసరా దగ్గరపడేకొద్దీ దినపత్రిక బరువెక్కుతుంది. మామూలు రోజుల్లో సైకిలు ఆపకుండానే గేటు మీదుగా పేపరు విసిరేసే కుర్రాడు, పండగ వారంలో మాత్రం దిగి వాకిట్లో పెట్టి పోతాడు. వార్తలేమీ పెరగవు. పెరిగేవి పట్టుచీరలు, బంగారు నగలు, ఫ్రిజ్‌లు, ఫ్లాట్లు. మొదటి పేజీ అనుకుని చూస్తే అది ప్రకటన, తిప్పితే ఇంకో ప్రకటన, ఆ తర్వాతెక్కడో అసలు పత్రిక మొహం చూపిస్తుంది. "పేపరంతా యాడ్లే" అని విసుక్కుంటూనే ఇంట్లోవాళ్లు ఆ పేజీల్ని పంచుకుంటారు. చీరల పేజీ ఒకరికి, టీవీల పేజీ ఇంకొకరికి.

విసుగు న్యాయమే గానీ, తెలుగు పత్రికకూ ప్రకటనకూ చుట్టరికం చాలా పాతది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు. 1914లో మద్రాసులో దాన్ని దినపత్రిక చేశారు. తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బు తెలుగు అక్షరానికి పెట్టుబడి అయింది. ఆ మందుకు ఊరూరా పేరు రావడానికి మళ్లీ ప్రచారమే కారణం. సంగీత సభలకు వెళ్లి ఉచితంగా పంచిపెట్టడం కూడా ప్రచారంలో భాగమే. కాబట్టి వార్తల మధ్య ప్రకటన చొరబడిందని మనం అనుకుంటాం గానీ, ఇల్లు కట్టిన రోజు నుంచీ ఆ ఇంట్లో దానికో గది ఉంది.

నా మనసు మాత్రం ఆ గదిని సర్దేవాళ్ల మీదికి పోతుంది. కథ కింద రచయిత పేరుంటుంది, కార్టూను మూలన సంతకం ఉంటుంది. ప్రకటన కింద దుకాణం ఫోన్ నంబరు ఉంటుంది. దాన్ని కూర్చినవాళ్లు ఎవరో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించదు. వీధి చివరి డీటీపీ సెంటరు నుంచి నగరంలోని పెద్ద ఏజెన్సీ దాకా అందరూ ఆ పనిని ఆర్ట్‌వర్క్ అనే అంటారు. బొమ్మ బాగా గీయడం, అక్షరాలు అందంగా పేర్చడం అనుకుంటారు చూసేవాళ్లు. అది సగం. అచ్చుయంత్రం దగ్గర ఆ బొమ్మకు ఏమేం జరగబోతాయో ముందే ఊహించి, వాటన్నిటికీ చోటు వదిలిపెట్టడం మిగిలిన సగం. విజయవాడలో ఆ పని జరిగే గదుల్లో చాలాకాలం గడిపాక నాకు నచ్చింది ఈ రెండో సగమే.

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు మొదట నమ్మలేని విషయం ఒకటుంది. పత్రికల అచ్చులో తెల్ల సిరా ఉండదు. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు, ఈ నాలుగే. పేజీ మీద కనిపించే వేల రంగులూ వీటి కలయికలే. కంప్యూటరు తెర వెలుగుతో పనిచేస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ పూర్తిగా వెలిగిస్తే తెలుపు పుడుతుంది. కాగితం వెలగదు. దాని మీద పడ్డ వెలుగులో కొంత సిరా మింగుతుంది, మిగిలింది మన కంటికి చేరుతుంది. అందుకే అచ్చులో తెలుపు కావాలంటే ఒకటే దారి, అక్కడ ఏమీ అచ్చు వేయకుండా ఉండటం. న్యూస్‌ప్రింట్ అయితే ఆ తెలుపు కాస్త బూడిద, కాస్త గోధుమ. తెర మీద మల్లెపువ్వు ఎంత తెల్లగా ఉన్నా, పేపర్లో అది కాగితం కంటే తెల్లగా రాలేదు.

నగల ప్రకటన చూడండి. ఆ నాలుగు సిరాల్లో బంగారం లేదు. పసుపు దట్టంగా వేసి, దానికి మెజెంటా కొంచెం కలిపి, అంచుల్లో నలుపు నీడ ఇస్తే బంగారు ఛాయ వస్తుంది. ఛాయ వచ్చినంత మాత్రాన మెరవదు. హారం మీద తళుక్కుమనే చిన్న చిన్న మచ్చలున్నాయే, అవి సిరా పడని చోట్లు. అక్కడ ఉన్నది ఉత్త కాగితం. లక్షల ఖరీదు చేసే నగకు ఆ మెరుపు ఇస్తున్నది ఖాళీగా వదిలేసిన న్యూస్‌ప్రింట్ అని తెలిసినప్పటి నుంచి నేను ఆ పేజీలను మరో కంటితో చూస్తున్నాను. ఫోటోను సరిచేసేవాళ్లు మోజుకొద్దీ ఆ మచ్చల మీద కూడా కొంచెం పసుపు పాకనిచ్చారో, హారం ఇత్తడైపోతుంది.

ఇక చుక్క సంగతి. సిరా పడితే పూర్తిగా పడుతుంది, లేకపోతే లేదు. లేత సిరా అంటూ యంత్రానికి తెలియదు. లేత రంగు కావాలంటే చిన్న చుక్కలు, ముదురు రంగుకు పెద్ద చుక్కలు. భూతద్దం పెట్టి చూస్తే హీరోయిన్ బుగ్గ కూడా చుక్కల పందిరే. హాఫ్‌టోన్ అనే ఈ పద్ధతి పంతొమ్మిదో శతాబ్దం చివరి ఇరవై ఏళ్లలో యూరప్, అమెరికాల్లో స్థిరపడుతుండగానే, కలకత్తాలో ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి దాని లోతులు చూడటం మొదలుపెట్టారు. పిల్లల కథలు రాసిన ఆ పెద్దమనిషి హాఫ్‌టోన్ లెక్కల మీద రాసిన వ్యాసాలు లండన్‌లో వెలువడే పెన్‌రోజ్ వార్షిక సంచికలో అచ్చయ్యాయి. ఆయన మనవడు సత్యజిత్ రాయ్ 1943లో డి.జె. కీమర్ అనే ప్రకటనల సంస్థలో చేరి, సినిమాలు తీయకముందు కొన్నేళ్లు ఇదే పని చేశారు. తాత చుక్కను వంచాడు, మనవడు ఆ చుక్కలతో బొమ్మ కట్టాడు.

ఆ చుక్క చెప్పినంత సైజులో ఆగదు. న్యూస్‌ప్రింట్ సిరాను పీల్చుకుంటుంది, చుక్క చుట్టూ పాకుతుంది. ఫైల్లో 50 శాతం అని పంపిన రంగు పేపర్లో 75 శాతం దరిదాపుల్లోకి పోతుంది. అందుకే తెలిసిన ఆర్టిస్టు తెర మీద మనిషి మొహాన్ని కాస్త వెలిసినట్టు ఉంచుతాడు. పక్కన నిలబడి చూసేవాళ్లకు అది నచ్చదు. "పాలిపోయినట్టుందేంటండీ" అంటారు. మర్నాడు పొద్దున కాగితం మిగతా ముదురు తనే చేర్చుకుంటుంది. నాలుగు సిరాలూ ఒకే చోట నిండుగా వేస్తే మొత్తం 400 శాతం అవుతుంది. నున్నని ఆర్ట్ పేపరు 300 దాకా ఓర్చుకుంటుంది. న్యూస్‌ప్రింట్ 240 దగ్గరే చేతులెత్తేస్తుంది. ఆపైన వేస్తే ఆరదు, పక్క పేజీకి అంటుతుంది, వెనక పేజీలోకి తొంగిచూస్తుంది. చదరపు మీటరుకు 45 గ్రాములు తూగే పల్చటి కాగితం మరి. మన చీర అంచు వెనక పేజీలో ఎవరి ఉపన్యాసంలోనో కనపడుతుంది.

నలుపు అందరికంటే మోసకారి. తెర మీద నల్లగా కనిపించే అక్షరాన్ని అచ్చు రంగుల్లోకి మారిస్తే, చాలా కంప్యూటర్లలో మొదట్నుంచీ ఉన్న అమరిక ప్రకారం సయాన్ 75, మెజెంటా 68, పసుపు 67, నలుపు 90 అవుతుంది. కూడితే సరిగ్గా 300. కంటికి నలుపే. అచ్చులో మాత్రం ఆ చిన్న అక్షరం మీద నాలుగు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలి. పడవు. యంత్రం గంటకు వేల కాపీల వేగంతో తిరుగుతుంటుంది, ఆఫ్‌సెట్‌లో సిరాతోపాటు నీరు కూడా కాగితాన్ని తడుపుతుంది, తడిసిన కాగితం అడ్డంగా సాగుతుంది. రిజిస్టర్ తప్పిందంటారు ప్రెస్సువాళ్లు. అప్పుడు అక్షరం పక్కన ఎర్రగా ఒకటి, నీలంగా ఒకటి నీడలు బయల్దేరతాయి. మందు ఏమిటంటే, చదవాల్సిన అక్షరాన్ని ఒక్క నలుపులోనే ఉంచడం, కింద ఉన్న రంగు మీదే దాన్ని అచ్చు వేయమనడం. మూడు సిరాలను వదులుకుంటే అక్షరం నిలబడుతుంది.

ముదురు రంగు మీద తెల్ల అక్షరాలంటే మన దుకాణాలకు ప్రాణం. వాటిని రివర్స్ అంటారు. ఇక్కడ తెలుగుకున్న చిక్కు ఇంగ్లీషుకు లేదు. తెల్ల సిరా లేదు కాబట్టి, ఆ అక్షరం చుట్టూ సిరా వేసి మధ్యలో అక్షరాన్ని వదిలేయాలి. చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకుతుంది. మన లిపిలో సన్నని చోట్లు ఎక్కువ. ధ అనే అక్షరం కిందనున్న చిన్న గీత మూసుకుపోయిందా, అది ద. చీర ధర కాస్తా దర అయి కూర్చుంటుంది. ఫ తోక పోతే ప. భ ఒత్తు పోతే బ. ఇంగ్లీషు ప్రకటనలో బాగా కనపడిన సైజునే తెలుగుకు కొట్టేస్తే ఈ ప్రమాదం తప్పదు. పైగా మన వరసల కింద ఒత్తులు వేలాడతాయి, పైన గుళ్లు, ఏత్వాలు లేస్తాయి. వరసకూ వరసకూ మధ్య ఎడం ఎక్కువ పెట్టకపోతే పై వరస ఒత్తు కింది వరస తలకట్టును పొడుస్తుంది. తెలుగు ప్రకటన ఇంగ్లీషు ప్రకటన కంటే ఎక్కువ చోటు అడుగుతుంది. అది లిపికి పుట్టుకతో వచ్చిన హక్కు. మూలన నక్షత్రం గుర్తుతో దాక్కునే "షరతులు వర్తిస్తాయి" ఒక్కటే ఎంత నలిగినా ఎవరూ అభ్యంతరం చెప్పరు. అది చదవబడకూడదనే అక్కడుందని నాకో అనుమానం.

పత్రిక దినపత్రిక కాకుండా మాసపత్రికైతే ఇంకో పెద్దమనిషి రంగంలోకి వస్తాడు, కటింగ్ యంత్రం. పేజీ అంచు దాకా రంగు ఉండాలంటే, అంచు దాటి కనీసం 3 మిల్లీమీటర్లు బయటికి రంగు పరిచి పంపాలి. దాన్నే బ్లీడ్ అంటారు. కోసేటప్పుడు కత్తి కాస్త అటూ ఇటూ జరిగినా తెల్ల గీత మిగలకుండా అది కాపాడుతుంది. మంచి దర్జీ రవికె కుట్టేటప్పుడు లోపలి మడతకు బట్ట వదులుతాడు చూడండి, ఆ జాతి ముందుచూపే ఇదీ. కోసి పారేయడానికే తయారైన రంగు అది. అంచుకు లోపలి వైపు మళ్లీ కొంత ఎడం ఉంచి, అక్కడి నుంచే ఫోన్ నంబరూ చిరునామా మొదలుపెట్టాలి. మధ్యలో పిన్నులు కొట్టే పత్రికలో లోపలి కాగితాలు బయటికి తోసుకొస్తాయి. కత్తి వాటిని బయటి కాగితాల కంటే ఎక్కువ తింటుంది. రెండు పేజీల బొమ్మ అయితే నడిమి మడత కూడా తన వాటా తీసుకుంటుంది. వధువు ముక్కు సరిగ్గా అక్కడ పెడితే, పెళ్లిచీర ఎంత బాగున్నా ఆ పేజీ ఎవరూ మరిచిపోలేరు.

కంప్యూటర్లు రాకముందు ఈ ఊహంతా చేతుల్లో ఉండేది. అట్ట మీద లేత నీలం పెన్సిలుతో గీతలు గీసుకుని, టైపుసెట్టింగు చేసిన బ్రోమైడ్లను కత్తిరించి రబ్బరు సొల్యూషన్‌తో అంటించేవారు. నీలం ఎందుకంటే ఆ గీతలు ప్రెస్సు కెమెరాకు తెల్లగా కనపడతాయి. తుడిపే పని లేదు. పైన ట్రేసింగ్ కాగితం కప్పి, ఏ చోట ఏ రంగు ఎంత శాతమో పెన్సిలుతో రాసేవారు. అంటే అట్ట మీద ఉన్నది నలుపూ తెలుపే. ఎరుపు, పసుపు ఆర్టిస్టు తలలోనే ఉండేవి, ప్రూఫు వచ్చేదాకా ఆయనకూ కనపడేవి కావు. 1985లో పేజ్‌మేకర్, 1990లో ఫోటోషాప్ వచ్చాక రంగు ముందే కళ్లెదుటికి వచ్చింది. అది గొప్ప సుఖం. దాంతోపాటు కళ్లెదుట ఉన్నదే రేపు కాగితం మీదికి వస్తుందనే భ్రమ కూడా వచ్చింది. తెలుగుకైతే ఇంకో తతంగం తోడైంది. అను, శ్రీలిపి ఫాంట్లలో కూర్చిన మేటర్ అవతలి కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే అర్థంకాని ఇంగ్లీషు అక్షరాల కుప్పయ్యేది. అందుకని అక్షరాలన్నిటినీ గీతల బొమ్మలుగా మార్చి పంపడం అలవాటైంది. కర్వ్స్ చేయడం అంటారు. ఒకసారి కర్వ్స్ చేశాక దీర్ఘం మరిచిపోయినా చేర్చలేం. అందుకే ఆ మీట నొక్కే ముందు గదిలో ఉన్నవాళ్లందర్నీ పిలిచి చదివించేవాళ్లు, టీ తెచ్చిన కుర్రాడితో సహా. తప్పు పట్టుకునేది చాలాసార్లు అతనే.

కాగితానికి, కత్తికి, లిపికి చోటు వదలడం కష్టమేమీ కాదు. కొలతలు తెలిస్తే చాలు. అసలు కష్టం కంటికి చోటు వదలడం. ఎందుకంటే ఆ చోటుకు డబ్బు కట్టినవాళ్లు ఎదురుగా కూర్చుని ఉంటారు. పత్రికలో స్థలాన్ని సెంటీమీటర్లలో కొంటారు. వెడల్పును ఎత్తుతో గుణించి బిల్లు వేస్తారు. బీసెంట్ రోడ్డులో బట్టల దుకాణం నడిపే షావుకారుగారికి కొలత అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన లేఅవుటు చూసి వేలు పెట్టి అడుగుతాడు.

"ఇదేంటండీ ఆర్టిస్టు గారూ, ఇక్కడ ఏమీ లేదు?"

"ఖాళీ ఉంచామండీ. చీర బాగా కనపడుతుందని."

"ఖాళీకి కూడా డబ్బు కట్టాం గదండీ. లంగా ఓణీలు పెట్టండి. ఆ మూలన పార్కింగ్ సౌకర్యం కలదు అని వేయండి."

ఆయన లెక్క ఆయనది, తప్పని చెప్పలేం. చదరపు సెంటీమీటరుకు ఇంత అని ఇచ్చినప్పుడు ఖాళీ వదిలేస్తే బట్ట కొని చింపి పారేసినట్టే ఉంటుంది. కానీ పండగ పేజీ తిప్పి చూడండి. పక్కపక్కన పది ప్రకటనలు, ప్రతిదీ అంచు దాకా కిక్కిరిసి, ఎరుపూ పసుపూ పోటీపడి అరుస్తుంటే, కన్ను వెళ్లి ఎక్కడ ఆగుతుంది? ఊపిరాడే చోట ఆగుతుంది. ఆ ఖాళీ పక్కనున్న ఒక్క చీరను చూస్తుంది. ఈ సంగతి బాపుగారికి బాగా తెలుసు. ఆయనా సినిమాల్లోకి రాకముందు ప్రకటనల సంస్థల్లో పనిచేసినవారే. ఆయన బొమ్మలో గీసిన గీతలు లెక్కపెడితే కొద్దే ఉంటాయి; నుదుటికీ బుగ్గకూ మధ్య గీత ఆగిపోతుంది, మిగతాది మనమే గీసుకుంటాం. ఆ గీతల మాట అంత గట్టిగా వినపడటానికి కారణం వాటి చుట్టూ ఆయన వదిలిన కాగితం.

ఇంత చెప్పాక, ఈ సిద్ధాంతం పనికిరాని చోటు ఒకటుందని ఒప్పుకోవాలి. శ్రద్ధాంజలి ప్రకటన. నల్లటి అంచు, మధ్యలో ఫోటో, కింద పేర్లు. ఆ ఫోటో తరచూ ఎవరి పెళ్లి గ్రూపులోంచో కత్తిరించి ఫోనులో పంపిందై ఉంటుంది. న్యూస్‌ప్రింట్‌లో అంగుళానికి 100 వరసల చుక్కలు పడతాయి, ఫోటోకు దానికి రెట్టింపు వివరం కావాలి. 5 సెంటీమీటర్ల వెడల్పు బొమ్మకు 400 పిక్సెళ్లు సరిపోతాయి. పంపిన దానిలో మొహం అంతకంటే చిన్నదైతే కంప్యూటరు దాన్ని సాగదీయగలదు గానీ, ఆ పెద్దాయన కంటి కింది ముడత ఎలా ఉండేదో ఎక్కడినుంచి తెస్తుంది? కాబట్టి ఫోటో చిన్నదిగా ఉంచమని చెప్పి ఒప్పించాలి. పేర్ల దగ్గర మాత్రం ఎవరూ ఒప్పించకూడదు. కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు, మనవరాళ్లు, వయసు వరసలో అందరూ ఉండాలి. అక్షరాలు కుదించైనా, వరసలు దగ్గరకు జరిపైనా అందర్నీ ఇమడ్చాలి. రెండో అల్లుడి పేరు అందం కోసం వదిలేస్తే ఆ ఇంట్లో పదేళ్ల పేచీ. అక్కడ ఖాళీ కంటికి హాయి అనే పాఠం చెప్పేవాడు మూర్ఖుడు. ఆ ప్రకటన కొత్తవాళ్లను ఆపడానికి వేసింది కాదు. తెలిసినవాళ్లు వెతుక్కుని చదువుతారు, తమ పేరుందో లేదో చూసుకుంటారు. కిక్కిరిసి ఉండటమే దాని మర్యాద.

ఆ మినహాయింపు చూశాకే నాకు నియమం సరిగ్గా అర్థమైంది. ఖాళీకి దానంతటదిగా విలువేమీ లేదు. అవతల ఎవరున్నారో, వాళ్లకేం కావాలో తెలిసి వదిలింది ఖాళీ. తెలియక వదిలింది వృథా. కత్తికి 3 మిల్లీమీటర్లు కావాలి, న్యూస్‌ప్రింట్‌కు సిరా తగ్గాలి, ఒత్తుకు వరసల మధ్య ఎడం కావాలి, పండగ పూట అలసిన కంటికి విశ్రాంతి కావాలి, పోయిన మనిషి కుటుంబానికి ఒక్క పేరూ తగ్గకూడదు.

ఇప్పుడు ప్రకటనల్లో చాలా భాగం కాగితం దాకా రావడమే లేదు. ఫోనులో పుట్టి ఫోనులోనే పోతాయి. అక్కడ తెలుపు నిజంగానే వెలుగుతుంది, బ్లీడ్ లేదు, రిజిస్టర్ తప్పదు, తప్పు దొర్లితే క్షణంలో దిద్దవచ్చు. ఇది చూసి అచ్చు పనివాళ్ల జాగ్రత్తలకు కాలం చెల్లిందని కొందరంటారు. నాకలా అనిపించదు. ఫోను పట్టుకున్న మనిషి బొటనవేలు తెర కింది భాగాన్ని కప్పుతుంది. ఎండలో తెర వెలవెలబోతుంది. కళ్లద్దాలు ఇంట్లో మరిచి వచ్చిన పెద్దావిడ అదే సందేశాన్ని చెయ్యి చాచి దూరంగా పెట్టుకుని చదువుతుంది. కత్తి పోయి వేలు వచ్చింది, అంతే తేడా.

కొత్త పిల్లలు నన్ను సాఫ్ట్‌వేరు గురించి అడుగుతారు. ఏ వెర్షన్ నేర్చుకోవాలి, ఏ మీట ఎక్కడుంది అని. అవి నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నేను తిరిగి అడిగేవి మాత్రం ఎప్పుడూ ఇవే: ఏ కాగితం? ఎంత కొలత? ఎడమ పేజీయా, కుడి పేజీయా? ఎవరు కోస్తారు? ఎవరు చదువుతారు? కొందరు నవ్వేసి, అవన్నీ తర్వాత చూసుకోవచ్చులెండి అని ఫైలు తెరుస్తారు. కొందరు కుర్చీలోంచి లేచి, ఆ పత్రిక పాత సంచిక ఒకటి తెచ్చుకుని వేళ్ల మధ్య పెట్టి కాగితం మందం చూస్తారు. రెండో రకం వాళ్లకు నేర్పడానికి నా దగ్గర ఇంకేమీ మిగలదు.